పత్తికట్టె బొగ్గు, కళాయి గిన్నె

కారంపూడిలో నాగులేటి వైపు పోయే వీధిలో ఒక చేదబావి ఉండేది. ఆ బావికి పది బారల దూరంలో, ఇత్తడి గిన్నెలకు లోపల తగరం పూత పెట్టే ఖలందర్ కళాయి గుంట. గుంట అంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. నేలలో తవ్విన కొలిమి, దానికో మేకతోలు తిత్తి, ఎండ తగలకుండా పైన నాలుగు తాటాకులు. ముప్పై ఏళ్ళుగా ఖలందర్ అక్కడే కూర్చుంటున్నాడు. అంతకుముందు అతని తండ్రి కూర్చున్నాడు.

ఆడవాళ్ళు నీళ్ళకొచ్చేటప్పుడు కళాయి పోయిన ఇత్తడి గిన్నె ఒకటి చంకన పెట్టుకొచ్చి అతని ముందు పడేసి, బిందె నింపుకుని పోయేవాళ్ళు. మర్నాడు మళ్ళీ నీళ్ళకొచ్చినప్పుడు గిన్నె తీసుకుపోయేవాళ్ళు. గిన్నె కోసమని పనిగట్టుకుని ఎవరూ రారు. నీళ్ళ కోసం వస్తారు, వాళ్ళ వెంట గిన్నె వస్తుంది. ఖలందర్ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ బావిలో చేద పడాలి.

అతని తండ్రి రెండు నియమాలు పెట్టి పోయాడు. మొదటిది, ముఖం కనపడనిదే గిన్నె గుంట దాటకూడదు. ఖలందర్ దాన్ని ఏనాడూ తప్పలేదు. గిన్నె ఇచ్చేముందు లోపలికి తొంగిచూసేవాడు. మీసంలో తెల్ల వెంట్రుకలు విడివిడిగా కనపడితే ఇచ్చేవాడు, లేకపోతే మళ్ళీ కొలిమి మీద పెట్టేవాడు.

రెండో నియమం, తగరంలో ఏదీ కలపకూడదు. దీన్ని పద్నాలుగేళ్ళ కిందట వదిలేశాడు. గుంటూరు బజార్లో తగరం దొరకని ఏడు ఒకటొచ్చింది. దాచేపల్లి లారీ షెడ్లలో పాత బ్యాటరీలు పగలగొడితే వచ్చే సీసం తెచ్చి, రెండు పాళ్ళ తగరంలో ఒక పాలు కలిపాడు. ఆ ఒక్క ఏడే అనుకున్నాడు. గిన్నెలు మెరిశాయి. మీసం కనపడింది. మరుసటేడు తగరం దొరికింది గానీ అప్పటికి సీసం కూడా మిగిలి ఉంది. ఈ సంగతి అతనికీ, భార్య జీనత్‌కీ తప్ప మూడో మనిషికి తెలియదు. జీనత్ ఒకసారి, "తప్పు గదా?" అంది. "మెరుస్తన్నయ్యిగా," అన్నాడు. ఆ మాట ఇంట్లో మళ్ళీ రాలేదు.

ఎనభై ఆరులో, మాఘమాసం చివర, నరసరావుపేట బస్సు దిగి ఒకావిడ వచ్చింది. పేరు సుభాషిణి. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే లెక్చరర్. పల్నాటి ఊళ్ళన్నీ తిరిగి బావుల నీళ్ళు పరీక్ష చేస్తోందట. చేతిసంచిలో గాజు బుడ్లు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. బావి నీళ్ళు ఒక బుడ్డిలో పోసి, ఆకుపచ్చగా ఉన్న మందు కాస్త వేసి, బిరడా పెట్టి ఊపింది. ఆసుపత్రి వాసన వచ్చింది. అడుగున చేరిన ఆకుపచ్చ మందు ఎర్రగా మారింది.

బావి గట్టు మీదున్న ఆడవాళ్ళు బాగుందన్నారు.

"బాగుండటం కాదమ్మా. నీళ్ళలో సీసం ఉంటేనే ఇలా ఎర్రబడుతుంది. అది ఒంట్లో చేరితే ఓ పట్టాన పోదు. పెద్దవాళ్ళకి కడుపునొప్పి, కీళ్ళు లాగటం. పిల్లలకి చదువు తలకెక్కదు," అంది సుభాషిణి.

ఖలందర్ పక్కింటి అంజమ్మ చేద పక్కన పెట్టి ఆలోచించింది. "మా ఆయనది రెంటచింతల మేడం. ఈ బావి కాదు, ఆ ఊరి నీళ్ళు తాగి పెరిగినోడు. ఆయనకీ ఎక్కలా."

సుభాషిణి కళాయి గుంట దగ్గరికి నడిచింది. గిన్నెలకు పట్టిన చిలుము వదలటానికి ఖలందర్ ఆసిడ్ పూసి కడుగుతాడు. ఆ కడుగునీళ్ళు చిన్న కాలవలా పారి బావి వైపే ఇంకిపోతుంటాయి. ఆ నీళ్ళు ఇంకో బుడ్డిలో పట్టి మందు వేసింది. ఈసారి ఊపాల్సిన పని కూడా లేకపోయింది. అందరూ ఖలందర్ వైపు చూశారు. ఖలందర్ చేతిలో ఉన్న గిన్నెలోకి చూసుకున్నాడు. అందులో ఖలందరే కనపడ్డాడు.

"తగరంలో ఇంత సీసం ఉండదే. ఎక్కడిదండీ ఇది?" అంది సుభాషిణి.

"బజారు సరుకు మేడం. ఆళ్ళేం కలుపుతారో మనకేం తెలుసు," అన్నాడు ఖలందర్. కింద పరుచుకున్న గోతంపట్టా అడుగున సీసం ముద్ద ఉంది. దాని మీదే ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాడు.

ఆ వీధిలో ఏ తగువైనా పెదకోటయ్య అరుగు మీదే తేలుతుంది. నాపరాళ్ళ క్వారీలో ముఠామేస్త్రీగా చేసి మానుకున్న మనిషి. తక్కువ మాట్లాడతాడు. సాయంత్రానికి సంగతంతా విని ఖలందర్‌ను పిలిపించాడు.

"ఒరేయ్ ఖలందరూ, గుంట ఏటవతలికి మార్చెయ్."

"ఏటవతల ఎవురుంటారు మావా?"

"ఎవురూ ఉండరు. అందుకే మార్చమంటన్నా."

"మరి గిన్నెలెవురు తెస్తారు?"

"అది నువ్వు చూసుకో. నీకు ఉగాది దాకా టైమిస్తన్నా."

ఏటవతల తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. తుమ్మచెట్టు గిన్నె తీసుకురాదు.

అరుగు చివర కూర్చుని ఇదంతా వింటున్న సుభాషిణి లేచింది. "ఒక మాట చెప్పొచ్చాండీ?" అంది. నాలుగేళ్ళుగా తను చేస్తున్న పని అదేనట. పొలాల్లో పారేసే కట్టెను ఒక పద్ధతిలో బొగ్గు చేస్తే, ఆ బొగ్గు నీళ్ళలోని సీసాన్ని పట్టుకుంటుంది. కాలేజీలో చెంచాడు చొప్పున చేసి చూసింది, పనిచేసింది. బస్తా బొగ్గు చేసి చూడాలంటే నిప్పు సంగతి తెలిసిన మనిషి కావాలి. కడుగునీళ్ళు ఆ బొగ్గులోంచి పోనిస్తే కాలవలోకి మంచి నీళ్ళే వస్తాయి. అప్పుడిక గుంట ఎక్కడుంటే ఏం?

పెదకోటయ్య చుట్ట ఆరిపోయేదాకా ఆలోచించాడు. "ఉగాది ముందురోజు అందరి ముందరా చూపించు తల్లీ. నీ మందు పచ్చగా ఉంటే ఈడు ఇక్కడే ఉంటాడు. ఎర్రబడితే ఏటవతలికి పోతాడు," అన్నాడు.

మొదట మిరపకట్టె తెచ్చారు, దగ్గరలో అదే ఉంది కాబట్టి. కట్టెకు అక్కడక్కడ ఎండుకాయలు మిగిలి ఉన్నాయి. ఖలందర్ వాటిని చూశాడు గానీ పెద్దగా పట్టించుకోలేదు. నిప్పంటించిన అర్ధగంటకు వీధిలో ఉన్న మనుషులు, బర్రెలు, పెదకోటయ్య, అందరూ దగ్గుకుంటూ చౌరాస్తా దాకా పోయారు.

"సీసం ఎప్పటికో చంపుద్దంట. నువ్వు ఇయ్యాలే చంపుతావుగా అన్నా!" అంది అంజమ్మ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

ఆ తర్వాత పత్తికట్టె తెచ్చారు. అప్పటికి పత్తి తీతలైపోయి పొలాల్లో కట్టె పీకి కుప్పలు పెట్టారు రైతులు. తీసుకుపోతే చాలన్నారు. సుభాషిణి పద్ధతి చెప్పింది. కట్టెను జానెడు ముక్కలు చేసి కుండలో కుక్కి, మూకుడు మూసి, సందు లేకుండా బంకమట్టి మెత్తి, నింపాదిగా కాల్చాలి. లోపలికి గాలి పోకూడదు. పోతే బూడిదే.

ఖలందర్ మట్టి మెత్తాడు. కుండను కొలిమి మీద పెట్టాడు. ముప్పై ఏళ్ళుగా నిప్పు కనపడితే చాలు తిత్తి ఊదిన చెయ్యి అది. ఊదాడు. వేడికి కుండ ఫట్‌మని పగిలింది. లోపల తెల్లటి బూడిద, మెత్తగా, గిన్నెలు తోముకోవటానికి పనికొచ్చేటంత బాగా వచ్చింది.

"నింపాదిగా అని చెప్పాను కదండీ," అంది సుభాషిణి.

"చెప్పారు మేడం. నేను విన్నా. చెయ్యి వినలా."

మూడోసారి జీనత్ తిత్తి తీసుకుపోయి పక్కింట్లో దాచింది. ఖలందర్ చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. కుండ చల్లారాక మూకుడు తీస్తే కట్టె కట్టెలాగే ఉంది. కాకపోతే నల్లగా, గోటితో కొడితే ఖంగుమనేటట్టు ఉంది.

"ఇప్పుడు దీనికి బెజ్జాలు పెట్టాలి," అంది సుభాషిణి.

ఖలందర్ ఆమె ముఖం వైపు చూశాడు.

"కంటికి కనపడనంత చిన్నవండీ. బొగ్గును మళ్ళీ ఎర్రగా కాల్చి అందులోకి నీటి ఆవిరి పంపితే లోపలంతా బెజ్జాలు పడతాయి. ఆ బెజ్జాల గోడలకే సీసం అతుక్కునేది."

"బెజ్జాలు పడ్డ గిన్నెలకి మాట్లేసుకుని బతికేవాణ్ణి మేడం. మా నాయన చూస్తే ఏమనుకుంటాడో," అన్నాడు ఖలందర్. కానీ చేశాడు. టీకొట్టులో మూలన పడేసిన కెటిల్ ఒకటి తెచ్చి, దాని ముక్కుకు ఇనుప గొట్టం బిగించి, ఎర్రగా కాలే బొగ్గులోకి ఆవిరి పంపాడు. ఎంతసేపు పంపాలో సుభాషిణి గడియారం చూసి చెప్పేది. నాలుగో కుండ నాటికి ఖలందర్ బొగ్గు రంగు చూసి చెప్పటం మొదలుపెట్టాడు. గడియారం మాటా, ఖలందర్ మాటా ఒకటి రెండు నిమిషాల తేడాతో కలిసేవి. సుభాషిణి తన నోటుబుక్కులో గడియారం చెప్పింది ఒక గీతకు ఇటు, ఖలందర్ చెప్పింది అటు రాసుకుంది.

వారం పది రోజులు అలా గడిచాయి. దంచి, జల్లించి, నీళ్ళతో నాలుగుసార్లు కడిగిన బొగ్గు ఒక బస్తాడు తయారైంది. గాజు గరాటాలో గుప్పెడు బొగ్గు వేసి, పైనుంచి కడుగునీళ్ళు పోసి, కింద బుడ్డిలో పట్టి, మందు వేసి ఊపింది సుభాషిణి. అడుగున మందు వరిచేను రంగులో అలాగే నిలబడింది. ఆవిడ బస్సులో పోయేటప్పుడు కిటికీలోంచి చెయ్యి ఊపింది. అంతకుముందు ఎప్పుడూ ఊపలేదు.

ఉగాదికి రెండు రోజులుందనగా ఏర్పాటంతా చేశారు. ఒక ముక్కాలి పీట మీద అడుగున బెజ్జం ఉన్న కొత్త కుండ. కుండలో కింద గులకరాళ్ళు, పైన బొగ్గు. ఆ పైన కడుగునీళ్ళు పోస్తే బొట్టు బొట్టుగా కిందికి దిగుతాయి. రాత్రంతా దిగనివ్వాలి. పొద్దున్నే సుభాషిణి వచ్చి అందరి ముందూ పరీక్ష చేస్తుంది. కింద పెట్టటానికి ఒక హార్లిక్స్ సీసా కడిగి ఇచ్చి, "ఇందులోనే పట్టండి," అని చెప్పి పోయింది.

ఆ సాయంత్రం పొద్దు వాలుతుండగా ఖలందర్ కుండ ఎదురుగా కూర్చుని ఆ సీసా వంక చానాసేపు చూశాడు. తర్వాత లేచి, ఇంట్లో ఉన్న ఇత్తడి బేసిన్ తెచ్చి కొలిమి మీద పెట్టాడు.

జీనత్ గుమ్మంలో నిలబడింది. "ఏందయ్యా అది? ఆయమ్మ సీసా పెట్టమని చెప్పిందిగా."

"ఊళ్ళో పెద్దాళ్ళందరూ చూసే నీళ్ళే. హార్లిక్స్ సీసాలోనా? జొరమొచ్చినోళ్ళకి పోసినట్టు?"

"నువ్వు కళాయి పెట్టిన దాంట్లోనా?"

"కళాయి ఒకసారి పట్టిందంటే ఇంక ఊడదే. ముప్పై ఏళ్ళ పని నాది. కాలవలో పోయేది కడిగిన మడ్డి. గిన్నెకి పట్టింది గిన్నెకే ఉంటది."

బేసిన్ వేడెక్కింది. తగరం బాగా పట్టేందుకు నవాసారం చల్లాడు, తెల్లటి పొగ లేచింది. తగరం బిళ్ళ తాకించి దూదితో ఒక్క తుడుపు తుడిచాడు. అది రోజూ వాడే బిళ్ళే. చెయ్యి దాని మీదికే పోయింది. బేసిన్ చంద్రుడిలా మెరిసింది. తొంగిచూశాడు. మీసం కనపడింది. తీసుకెళ్ళి కుండ కింద పెట్టి, కుండలో కడుగునీళ్ళు పోసి, మొదటి బొట్టు టప్‌మని పడ్డాక నిద్రకు పోయాడు.

పొద్దున వీధంతా వచ్చింది. పెదకోటయ్యకు కుర్చీ వేశారు. బేసిన్ నిండా నీళ్ళు, అడుగున ఎండ తళతళలాడుతోంది. సుభాషిణి బస్సు దిగి గబగబా వచ్చింది. సీసా బదులు బేసిన్ కనపడేసరికి ఒక్క క్షణం ఆగింది గానీ, అందరూ ఎదురుచూస్తున్నారు. బుడ్డి ముంచి నీళ్ళు తీసి, మందు వేసి ఊపింది.

ఎర్రబడింది.

సుభాషిణి ఇంకో బుడ్డి ముంచింది. అదీ ఎర్రబడింది. నోటుబుక్కు తెరిచి వెనక్కీ ముందుకీ పేజీలు తిప్పింది. "ఎక్కడో నాదే పొరపాటు అయ్యుంటుంది," అంది. ఆ మాట పెదకోటయ్యతో అనలేదు, ఖలందర్‌తోనూ అనలేదు. నోటుబుక్కుతో అంది. "నాలుగేళ్ళ నుంచి… ఎక్కడో తప్పు చేసి ఉంటాను."

పెదకోటయ్య కుర్చీలోంచి లేచాడు. "సరేరా ఖలందరూ. అనుకున్నదేగా."

ఖలందర్‌కు బేసిన్ వంక చూడగానే అర్థమైంది. నిన్న సాయంత్రం అద్దంలా ఉన్న కళాయి నీళ్ళ అంచు దాకా మసకబారింది. అందులో మీసం లేదు. ఊడదనుకున్నది రాత్రికి రాత్రి నీళ్ళలోకి దిగింది. నోరు మూసుకుంటే ఏటవతలికి పోవాలి. కానీ అక్కడ కూడా కళాయి ఖలందర్ అనే అంటారు. నోరు తెరిస్తే ఇక్కడే ఉండొచ్చు. కానీ ఏమని పిలుస్తారో తెలియదు. ఇవి రెండూ తూచి చూసుకున్నాడు. తుమ్మచెట్లే కాస్త నయమనిపించింది.

అప్పుడు జీనత్ ఇంట్లోంచి వచ్చింది. హార్లిక్స్ సీసా తెచ్చి అతని కాళ్ళ ముందు నేల మీద పెట్టింది. మళ్ళీ లోపలికి పోలేదు.

ఖలందర్ సీసా తీసుకుని, బేసిన్ పక్కకు జరిపి, కుండ కింద పెట్టాడు.

"ఇంకోసారి చూడండి మేడం. గిన్నె తీసేశా."

"గిన్నెకేమైంది?"

"నిన్న కళాయి పెట్టా."

"పెడితే?"

"నా తగరంలో సీసం ఉంటది. మూడో పాలు. పద్నాలుగేళ్ళ నుంచి కలుపుతన్నా. బజారోళ్ళు కాదు, నేనే." గోతంపట్టా అడుగున ఉన్న ముద్ద తీసి అందరికీ కనపడేటట్టు నేల మీద పెట్టాడు. చిన్నదే గానీ పెట్టినప్పుడు ధబ్‌మంది.

బొట్టు బొట్టుగా సీసాలో మూడు వేళ్ళెత్తు నీళ్ళు చేరేదాకా వీధంతా నిలబడే ఉంది. సుభాషిణి మందు వేసి ఊపింది. ఎండకు ఎత్తి పట్టుకుంది. పచ్చగా ఉంది. ఇంకోసారి ఊపింది. పచ్చగానే ఉంది. నోటుబుక్కు మూసి గుండెకు ఆనించుకుంది.

"ఆసిడ్ నీళ్ళు కదా, రాత్రంతా నిలబడితే కళాయిలోది దిగుతుంది. బొగ్గు తప్పు ఏమీ లేదు," అంది.

అంజమ్మ ముందుకొచ్చింది. "ఆసిడ్ అంటే పుల్లగా ఉంటదే, అదేనా మేడం?"

"అదేనమ్మా."

"చింతపండు పులుసు రాత్రంతా ఉంచితే?"

సుభాషిణి అబద్ధం చెప్పటం అలవాటు లేని మనిషి. "అది కూడా అంతే," అంది.

అంజమ్మ ఖలందర్ వైపు తిరిగింది. "మా ఇంట్లో ఏడు గిన్నెలున్నయ్యి అన్నా."

"తెలుసు చెల్లే."

"ఏడూ నువ్వే పెట్టావు."

"నేనే."

అరుపులు మొదలయ్యాయి. ఆ వీధిలో అంతమంది ఒకేసారి అరవటం మిరపకట్టె రోజున కూడా జరగలేదు, ఆ రోజు ఊపిరాడక. ఏటవతలికి కాదు, కృష్ణ అవతలికి పంపాలని ఒకరన్నారు. ఖలందర్ తలొంచుకుని కూర్చున్నాడు. జీనత్ అతని పక్కనే కూర్చుంది. పెదకోటయ్య అందరి గొంతులూ అలిసేదాకా ఆగి, మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"ఈణ్ణి పంపేస్తే మన గిన్నెలెవురు గీకుతారు?" అన్నాడు.

ఊళ్ళో ఇంకో కళాయివాడు లేడు.

"ఆ కళాయంతా గీకి తీసి, తగరం ఒక్కటే పెట్టి మళ్ళీ ఇయ్యాల. ఇంటింటికీ. ఊరకనే. గీకిన నీళ్ళు బొగ్గులోంచే పోవాల. అప్పటిదాకా ఈడెక్కడికీ పోడు. పోతానన్నా నేను పోనియ్యను. ఏంరా?"

"సరే మావా."

"ఈ బావి తోడించాల. అందాకా మంచినీళ్ళు ఊరికి ఎగువనున్న పైబావి నుంచి తెచ్చుకోండి."

మర్నాడు ఉగాది. పచ్చడి ఆ వీధిలో అందరూ మట్టి ముంతల్లోనే కలుపుకున్నారు. పండగ మూడో రోజు నుంచి గిన్నెలు రావటం మొదలైంది. బిందె లేకుండా, గిన్నె కోసమే పనిగట్టుకుని రావటం ఖలందర్ అప్పుడే చూశాడు. గుంట ముందు ఖాళీ స్థలం చాలక, పెదకోటయ్య అరుగు దాకా పేర్చారు. ఎవరూ అతనితో మాట్లాడేవాళ్ళు కాదు. గిన్నెలు పెట్టి, లెక్క మాత్రం చెప్పి పోయేవాళ్ళు. పొద్దున కళాయి, మధ్యాహ్నం బొగ్గు. పత్తికట్టె అయిపోతే కందికట్టె. సీసం పట్టిన పాత బొగ్గును సుభాషిణి మూత డబ్బాల్లో పెట్టించి కాలేజీకి తీసుకుపోయేది. నెలకో ఆదివారం వచ్చి, కాలవ నీళ్ళు, బావి నీళ్ళు చూసేది. అట్లతద్దె నాటికి బావిలో బుడ్డి ఎర్రబడటం మానింది.

ఆ ఏడు చివర ఒక ఆదివారం అంజమ్మ ఏడో గిన్నె కోసం వచ్చింది. ఖలందర్ గిన్నె లోపలికి తొంగిచూసుకుని ఆమెకిచ్చాడు. ఆమె తొంగిచూడలేదు. గిన్నెలో నీళ్ళు పోసి, ఇంటి నుంచి తెచ్చిన చింతపండు పిసికి, అక్కడే నేల మీద పెట్టి చతికిలబడింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా కదలలేదు. అప్పుడు ఆ నెల పరీక్షకని వచ్చి బావి దగ్గరున్న సుభాషిణి దగ్గరికి పోయి బుడ్డి, మందు అడిగి తెచ్చుకుంది. పైన తేరిన పులుసు ఒంచి, మందు వేసి, బిరడా పెట్టి, తన చేత్తోనే ఊపింది. ఎండకు ఎత్తి పట్టుకుంది.

"పచ్చగానే ఉంది చెల్లే," అన్నాడు ఖలందర్. నెలల తర్వాత ఆమెతో అదే మొదటి మాట.

అంజమ్మ బుడ్డిని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఉండన్నా. ఇంకాసేపు చూద్దాం," అంది.

బుడ్డిని ఇద్దరి మధ్యా నేల మీద పెట్టింది. ఇద్దరూ దాని వంక చూస్తూ కూర్చున్నారు.